అద్దె దుప్పట్లతో పద్నాలుగు నెలలు: ఒక హాస్టల్ యజమాని సమీక్ష

విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో, 2024 నవంబరులో, మేం ఇరవై పడకల హాస్టల్ ఒకటి తెరిచాం. ఎనిమిదేసి పడకల గదులు రెండు, మహిళల కోసం నాలుగు పడకల గది ఒకటి. దుప్పట్లు, దిండు గలీబులు, తువాళ్లు మేం కొనలేదు. నగరంలోని ఒక సంస్థ వాటిని అద్దెకిచ్చి, వాడినవి తీసుకువెళ్లి ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చి ఇస్తుంది. పద్నాలుగు నెలల పాటు ఆ సేవను వాడుకున్న తరువాత రాస్తున్న సమీక్ష ఇది. సంస్థ పేరు రాయడం లేదు. చెప్పవలసిన లోపాలు కొన్ని ఉన్నాయి, వాటిలో సగానికి మూలం మేమే. అతిథికి పక్కబట్టలు ఎలా ఇవ్వాలి, ఎప్పుడు మార్చాలి, పాడైతే ఎవరు భరించాలి అనే నిబంధనలను మేం ముందుగా తేల్చుకోకపోవడం వల్ల వచ్చిన తగాదాలనే చాలాకాలం సరఫరాదారు తప్పులుగా లెక్కగట్టాం.

హాస్టల్ అనగానే మన వాళ్లకు మొదట గుర్తుకొచ్చేది చదువుకున్న రోజుల నాటి రేకు పెట్టె, కంచం, గ్లాసు, ఇంటి నుంచి మోసుకుపోయిన దుప్పటి. రైలు ప్రయాణానికి పక్కబట్టలను హోల్డాల్‌లో చుట్టుకుని వెళ్లిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. కాబట్టి పక్కబట్టలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. యూరపులోనూ ఈ పద్ధతి పాతదే. జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అనే ఉపాధ్యాయుడు 1912లో ఆల్టెనా కోటలో యువజన వసతి గృహాన్ని ఆరంభించిన తరువాత, అక్కడి హాస్టళ్లలో చాలా ఏళ్ల పాటు అతిథులు దుప్పటిని సంచిలా కుట్టుకుని వెంట తెచ్చుకునేవారు, లేదా అక్కడే అద్దెకు తీసుకునేవారు. జర్మనీ యువజన హాస్టళ్లలో ఎవరి పడక వాళ్లే పరచుకునే అలవాటు నేటికీ ఉంది. ఇవన్నీ చదివి, ఆ సంప్రదాయాన్నే పాటిస్తున్నామన్న ధీమాతో, పడకకు 550 రూపాయలు, పక్కబట్టలు కావాలంటే మరో 50 రూపాయలు అని బోర్డు పెట్టాం. అద్దె సంస్థకు మేం ఒక్కో జతకు చెల్లించేది 42 రూపాయలు గనుక లెక్క సరిపోతుందనుకున్నాం.

లెక్క సరిపోలేదు. మొదటి నెలలో వచ్చిన వాళ్లలో మూడో వంతు మంది ఆ 50 రూపాయలు ఆదా చేసుకోవాలనుకున్నారు. కొందరు లుంగీ పరచుకున్నారు, కొందరు తువాలు, మరికొందరు ఏమీ లేకుండా పరుపు మీదే పడుకున్నారు. విశాఖ ఉక్కపోతలో మనిషి ఒంటి చెమట ఒక్క రాత్రిలో పరుపు తొడుగు దాటి లోపలికి దిగుతుంది. తల ఆనే చోట కొబ్బరినూనె మరక అరచేతి వెడల్పున మిగులుతుంది. డిసెంబరు చివరికి మా నాలుగు అంగుళాల ఫోమ్ పరుపుల్లో ఆరింటి తొడుగులు పసుపుపచ్చగా మారాయి. తొడుగులు ఉతకడానికి పరుపు విప్పాలి, అవి ఆరేదాకా ఆ పడకను అతిథికి ఇవ్వలేం. పరుపులకు రెక్సిన్ తొడుగులు వేసి చూశాం. మరకలు ఆగాయి గానీ, దుప్పటి కింద రెక్సిన్ చప్పుడుకు, దాని వేడికి నిద్ర పట్టడం లేదని రెండు వారాల్లోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. చివరకు పైన నూలు, కింద పలుచని ప్లాస్టిక్ పొర ఉన్న తొడుగులు కొని, పక్కబట్టలను ధరలోనే కలిపి పడకకు 590 రూపాయలు చేశాం. దుప్పటికి విడిగా డబ్బు అడగడం మానేసిన రోజునే మా హాస్టల్ నిజంగా ఆరంభమైందని నా అభిప్రాయం. 50 రూపాయలు కట్టని అతిథి దుప్పటి లేకుండా పడుకుంటే ఆ నష్టం ఆ రాత్రితో పోదు, ఆ పరుపు మీద తరువాత పడుకునే ఇరవై మందికీ చేరుతుంది.

ఇప్పుడు సేవ సంగతి. ఒక జత అంటే రెండు దుప్పట్లు, ఒక గలీబు, ఒక తువాలు; ఒక దుప్పటి పరచడానికి, ఒకటి కప్పుకోవడానికి. దుప్పటి 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. మూడడుగుల బంకు మంచానికి ఇరువైపులా లోపలికి మడవడానికి ఇది సరిగ్గా సరిపోతుంది. బట్ట పూర్తి నూలు కాదు, నూలులో పాలిస్టర్ కలిసిన నేత. మొదట నాకు నచ్చలేదు. నూలు దుప్పటి మెత్తదనం దీనికి లేదు, మే నెలలో ఒంటికి కొంచెం అంటుకుంటుంది కూడా. కాని మా వాడకానికి ఇదే నిలుస్తుందని ఏడాది తరువాత ఒప్పుకున్నాను. పోలిక కోసం మేం సొంతంగా కొన్న నాలుగు పూర్తి నూలు దుప్పట్లు, వేడినీళ్లు, బ్లీచింగ్ పడిన కొద్దీ పలుచబడి, మడత దగ్గర చిరగడం మొదలుపెట్టాయి. సంస్థ పంపే దుప్పట్లు తెల్లగా, మడత నలగకుండా వస్తాయి. నగర శివారులోని వాళ్ల కర్మాగారం చూసి వచ్చాను. గంగాళాలంత యంత్రాల్లో ఉతికిన దుప్పట్లను తడితడిగానే ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని వేడి రోలర్ల మధ్యకు అందిస్తే, అవతలి వైపు అప్పడంలా కాగి, సాపుగా బయటికి వస్తున్నాయి. నీటి వేడి ఎంత అని అడిగాను. 70 డిగ్రీలని చెప్పి, యంత్రం మీటరులో అంకె చూపించారు. ఆ అంకె గురించి ఎందుకు అంత పట్టుబట్టానో రెండు నెలలకే తెలిసి వచ్చింది.

2025 ఫిబ్రవరిలో ఏడో నంబరు పడకలో నల్లులు కనిపించాయి. ఉదయాన్నే ఒక అతిథి చేయి చాపి చూపించాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఒకే వరుసలో నాలుగు దద్దుర్లు. పరుపు తిరగేసి కుట్టు వెంట టార్చి వేసి చూస్తే సిరాచుక్కల్లాంటి నల్లటి మచ్చలు, వాటి పక్కన మెంతిగింజంత పురుగులు రెండు. నల్లి బాధ పడలేకే శివుడు కొండ మీద, విష్ణువు పాము మీద పడుకున్నారని చాటువు చెప్పుకున్న జాతి మనది. అయినా నాకు మాత్రం ఆ ఉదయం నవ్వు రాలేదు. అంతకు మూడు రోజుల ముందు ఆ పడకలో ఉన్న కుర్రవాడు తన సొంత స్లీపింగ్ బ్యాగులో పడుకున్నాడు. దానిలోనే వచ్చాయని నిరూపించలేను, నిందించనూ లేను. అయితే, ఎవరి పక్క వాళ్లు తెచ్చుకునే చోట ఒకరి ఇంటి నల్లి మరొకరి పడకకు చేరే అవకాశం ఎంత ఎక్కువో ఆలోచించలేదు గనుక ఆ బాధ్యత నాదే. ఆడ నల్లి తన జీవితకాలంలో వందల గుడ్లు పెడుతుంది. రక్తం దొరకకపోయినా నెలల తరబడి బతుకుతుంది. మందు కొట్టినా గుడ్లు మిగులుతాయి గనుక రెండు వారాల తరువాత మళ్లీ కొట్టాలి. ఎనిమిది పడకల గదిని 14 రోజులు మూసేశాం.

ఈ విషయంలో అద్దె సంస్థ ప్రవర్తనను మెచ్చుకోకుండా ఉండలేను. విషయం దాచకుండా ఫోనులో చెప్పగానే, మా గదుల బట్టల కోసం ఎర్ర సంచులు పంపారు. వాటిని బండిలో మిగతా హోటళ్ల మూటలతో కలపకుండా తీసుకువెళ్లి, సంచితో సహా వేడినీళ్లలో ఉతికారు. 60 డిగ్రీల నీటిలో ఉతికితే నల్లులూ గుడ్లూ చస్తాయి, చన్నీళ్ల ఉతుకుడికి అవి చావవు. ఇంటి పక్కన లాండ్రీకి వేసి ఉంటే ఈ సంగతి అడగాలన్న ఆలోచన కూడా నాకు వచ్చేది కాదు. ఎర్ర సంచులకు అదనంగా డబ్బు తీసుకోలేదు. ఆ తరువాత స్లీపింగ్ బ్యాగులు, సొంత దిండ్లు, సొంత పక్కబట్టలు అనుమతించబోమని నిబంధన రాసి, బుక్ చేసుకునేటప్పుడే కనిపించేలా పెట్టాం. పెట్టెలు, బ్యాగులు మంచం మీద పెట్టకుండా ఒక్కో పడకకు కింద ఇనుప అర బిగించాం.

నిబంధన రాయడం సులువే గాని, దాన్ని మనిషి ముందు చెప్పడం అంత సులువు కాదు. సెప్టెంబరులో పాలకొండ వైపు నుంచి ఒక పెద్దావిడ, ఆమె మనవడు, కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రిలో) చూపించుకోవడానికి వచ్చి రెండు రాత్రులు ఉన్నారు. ఆమె సంచిలో పాత చీరలతో కుట్టిన బొంత ఉంది. సొంత పక్కబట్టలు వద్దని మా కుర్రవాడు చెబితే ఆమె వాదించలేదు. బొంతను ఒళ్లో పెట్టుకుని, వరండాలోని కుర్చీలోనే కూర్చుండిపోయింది. నేను వెళ్లి, "మామ్మా, మేమిచ్చే దుప్పటి శుభ్రంగానే ఉంటుంది, చూడండి" అన్నాను. "నీ దుప్పటికేం బాబూ, మల్లెపువ్వులా ఉంది. నాకే ఇది లేకపోతే నిద్దర రాదు" అంది. అప్పటికి మా దగ్గర ఆగస్టులో కొన్న ఆరబెట్టే యంత్రం ఉంది. గట్టి వేడిలో అరగంట తిరిగితే బట్టలోని నల్లులు చస్తాయి గనుక, బొంతను నలభై నిమిషాలు అందులో తిప్పి ఇచ్చాను. వెచ్చగా ఉన్న బొంతను చెంపకు ఆనించుకుని, దీనికి ఎంత అయిందని అడిగింది. ఆ రోజు నుంచి మా నిబంధన మారింది: వృద్ధులు, చంటిపిల్లల సొంత దుప్పట్లను యంత్రంలో తిప్పి ఉచితంగా అనుమతిస్తాం, స్లీపింగ్ బ్యాగులను మాత్రం ఎవరివైనా సరే తాళం వేసిన అరలోనే ఉంచుతాం.

ఇక సేవలోని లోపాలకు వస్తాను. మొదటిది లెక్క. మా నాయనమ్మ దగ్గర చాకలి పద్దు పుస్తకం ఉండేది. ఇన్ని పంచెలు, ఇన్ని చీరలు, ఇన్ని దుప్పట్లు అని గీతలు గీసి, తెచ్చినప్పుడు ఒక్కొక్కటే కొట్టేసేది. ఈ సంస్థకు ఫోనులో లెక్క రాసే ఏర్పాటు ఉంది గాని, ఆ పుస్తకానికి ఉన్న కచ్చితత్వం దానికి లేదు. బండి కుర్రవాడు తొందరలో మూటను తూకం అంచనాతో లెక్క వేసుకుపోతాడు, నెలాఖరుకు బిల్లులో తేడా వస్తుంది. ఒప్పందం ప్రకారం పోయిన దుప్పటికి 350 రూపాయలు. మరక పోక పనికిరాకుండా అయినదానికీ అంతే. ఏప్రిల్ బిల్లులో పాడైన దుప్పట్లు ఆరు, 2,100 రూపాయలు అని వేశారు. చూపించమని వెళితే, ఆరింటిలో రెండింటి అంచుకు మా గుర్తు అయిన ఆకుపచ్చ దారం కాక నీలం దారం ఉంది. అవి వేరే హోటలువి. ఆ 700 రూపాయలు తగ్గించారు, క్షమాపణ కూడా చెప్పారు. కాని వెళ్లి చూడని నెలల్లో ఎన్ని కట్టామో ఎవరికి తెలుసు? ఇప్పుడు ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ పదేసి చొప్పున బల్ల మీద పేర్చి, ఇద్దరూ సంతకం పెడుతున్నారు. దానికి పావుగంట పడుతుంది, బండి కుర్రవాడు విసుక్కుంటాడు, అయినా తప్పదు.

మరక ఎవరి ఖాతా అన్న ప్రశ్న ఇక్కడే తేల్చాలి. మొదట్లో మరక పడితే అతిథి 350 రూపాయలు కట్టాలని రాశాం, అదే పెద్ద తప్పు. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడి, పోదేమోనని భయపెడుతుంది గాని, ఎండలో వేస్తే వెలిసిపోతుంది. గోరింటాకు, జుట్టుకు వేసే రంగు మాత్రం పోవు. నెలసరి మరక పడిందని మహిళల గదిలో ఒక అమ్మాయి తెల్లవారుజామున ఒక్కతే స్నానాల గదిలో చన్నీళ్లతో దుప్పటి ఉతుకుతూ మా పనిమనిషికి కనబడింది. 350 రూపాయలు కట్టవలసి వస్తుందని భయపడిందట. ఆ ఉదయమే బోర్డు మీది ఆ వాక్యాన్ని చెరిపేశాను. నిద్రలో, జబ్బులో, నెలసరిలో పడిన మరకలకు డబ్బు అడగం; జుట్టు రంగుకు, సిగరెట్టు కాల్పుకు, దుప్పటితో బూట్లు తుడిచినందుకు అడుగుతాం. మహిళల గదిలో ముదురు రంగు దుప్పట్లు అడిగితే సంస్థ ఇవ్వలేదు, తెలుపు తప్ప తమ దగ్గర లేవంది. బ్లీచింగ్ వేసి ఉతకడానికి తెలుపే వీలని వాళ్ల వాదన, అది నిజమే. అందుకే ఆ గది అలమారాలో ముదురు రంగు తువాళ్లు, రెండు అదనపు దుప్పట్లు ఎప్పుడూ పెడుతున్నాం, ఎవరినీ అడగనక్కర లేకుండా తీసుకోవచ్చు.

బీచ్ హాస్టల్‌కు ఇసుక మరో బెడద. తడి కాళ్లతో వచ్చి మంచమెక్కితే దుప్పటి మడతల్లో గుప్పెడు ఇసుక మిగులుతుంది, అది యంత్రాలకు చేటని సంస్థ రెండుసార్లు ఉత్తరం రాసింది. గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కునే కుళాయి, గరుకు పట్టా వేశాక ఉత్తరాలు ఆగాయి.

అసలైన పరీక్ష 2025 దసరాకు ఎదురైంది. పూజ సెలవుల్లో బెంగాలు నుంచి, ఒడిశా నుంచి వచ్చేవాళ్లతో విశాఖలో గది దొరకదు. పండుగ ముందు రోజు సాయంత్రం ఇరవై జతలకు గాను పదకొండే వచ్చాయి. పెద్ద హోటళ్లకు ముందు ఇచ్చి, మిగిలినవి చిన్నవాళ్లకు పంచారని అడిగితే గాని చెప్పలేదు. రాత్రి ఎనిమిదింటికి పూర్ణా మార్కెట్‌కు పోయి పద్దెనిమిది దుప్పట్లు కొన్నాను. కొత్త దుప్పటికి గంజి బిరుసు, పైగా మందు వాసన. అలాగే పరిచే ధైర్యం చాలక, మా ఎనిమిది కిలోల ఉతికే యంత్రంలో మూడు విడతలుగా ఉతికి, ఆరబెట్టి, పదకొండున్నరకు చివరి పడక వేశాం. అప్పటికి ఇద్దరు అతిథులు సామాను పక్కన పెట్టుకుని సోఫాలో నిద్రపోయారు. సంస్థ మరుసటి నెల బిల్లులో పది శాతం తగ్గించింది. నాకు కావలసింది తగ్గింపు కాదు, మధ్యాహ్నం రెండింటికే "సగమే వస్తాయి" అని ఒక్క ఫోను.

కంబళ్ల విషయంలో మాత్రం ఆ సంస్థ సేవ మాకు పనికిరాలేదు. వాళ్లు నెలకొకసారి ఉతికిన కంబళి ఇస్తామంటారు. రైళ్లలోనూ అదే పద్ధతి. ఏసీ బోగీలో ఇచ్చే దుప్పట్లను ప్రతి వాడకం తరువాత ఉతుకుతారు గాని, కంబళ్లను నెలకు కనీసం ఒకసారి ఉతుకుతున్నామని 2024 నవంబరులో రైల్వే మంత్రి లోక్‌సభకు తెలిపారు. ఒంటికీ కంబళికీ మధ్య అడ్డంగా ఉండడానికే రెండో దుప్పటి ఇస్తారు గాని, నిద్రలో ఆ రెండూ ఎక్కడ కలిసి ఉంటాయి? విశాఖలో కంబళి అవసరం ఏసీ గదిలోనే, అదీ డిసెంబరు, జనవరుల్లోనే. అందుకే కంబళ్లు పూర్తిగా మానేసి, మా యంత్రంలో పట్టే పలుచని ఉన్ని రకం రగ్గులు ఇరవై ఐదు కొన్నాం. అడిగినవాళ్లకు ఇస్తాం, ఒక మనిషి కప్పుకున్నది ఉతకకుండా మరొకరికి ఇవ్వం. అరకు వెళ్లివచ్చేవాళ్లు చలికి కప్పుకుపోతామంటే మాత్రం ఇవ్వం.

ఒకసారి వాడి పారవేసే కాగితం లాంటి దుప్పట్లు కూడా వారం పాటు చూశాం. చెమటకు వీపుకు అంటుకుని, తెల్లారేసరికి కాళ్ల దగ్గర ఉండలా చుట్టుకుపోయేవి. రోజూ సంచెడు చెత్త. చలిదేశాల్లో ఎలా ఉంటాయో గాని, సముద్రపు తేమలో అవి పనికిరావు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. మాకు రోజుకు సగటున తొమ్మిది జతలు మారతాయి. ఒక్క రాత్రి అతిథి వెళ్లగానే, ఎక్కువ రోజులుండే వాళ్లకు మూడో రోజున. జతకు 42 చొప్పున నెలకు 11,000 రూపాయల పైచిలుకు. సొంతంగా పెట్టుకుంటే పడక మీద ఒకటి, ఉతుకుడులో ఒకటి, అలమారాలో ఒకటి చొప్పున అరవై జతలు కావాలి. జత 750 అనుకుంటే 45,000, దానికి యంత్రాలు, కరెంటు, ఒక మనిషి జీతం అదనం. జీఎస్టీ కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై పన్ను 5 శాతానికి తగ్గింది గాని, మేం కొనే సేవలపై కట్టిన పన్నును మినహాయించుకునే వీలు పోయింది. కాబట్టి అద్దె సంస్థ బిల్లులోని పన్ను ఇప్పుడు పూర్తిగా మా ఖర్చే. ఇరవై పడకల దాకా అద్దె మేలని, నలభై దాటితే సొంత ఉతుకుడే చవకని నా అంచనా. వర్షాకాలంలో మేడ మీద తీగలకు వేసిన దుప్పటి రెండు రోజులైనా ఆరక, ముక్కవాసన వేసే ఊరు ఇది. యంత్రం లేకుండా సొంత ఉతుకుడు తలపెట్టవద్దని మాత్రం కచ్చితంగా చెబుతాను.

ఈ జనవరిలో ఒప్పందం మరో ఏడాదికి పొడిగించాం, కొన్ని మార్పులతో. దుప్పట్లు, గలీబులు వాళ్లవి. తువాళ్లు, రగ్గులు మావి. పాడైనదని బిల్లు వేస్తే వస్తువు చూపించాలి. మధ్యాహ్నం రెండు గంటలలోపు కొరత చెప్పకపోతే, మేం బయట కొన్న ఖర్చులో సగం వాళ్లు భరించాలి. ఈ షరతుకు ఒప్పుకోవడానికి వాళ్లకు మూడు వారాలు పట్టింది. పూర్ణా మార్కెట్‌లో కొన్న ఆ పద్దెనిమిది దుప్పట్లను ఆకుపచ్చ దారంతో గుర్తు వేసి, పై అరలో విడిగా పెట్టాం. సంక్రాంతికి వాటిలో నాలుగు దించవలసి వచ్చింది.